రెండో చరుపు

లారీ చక్రాలు కడిగే యంత్రం ఏది కొనాలో తేల్చడానికి సైటు మేనేజరుకు రెండేళ్లు పట్టింది. అన్నాళ్లూ అందరూ తాతా అని పిలిచే ముసలి కూలీయే లారీ కిందికి దూరి బురద కడిగాడు. బండిని ఒకసారి చరిస్తే కిందే ఉన్నాను, ఆగమని. రెండోసారి చరిస్తే బయటికొచ్చాను, పోనిమ్మని. ఒక రాత్రి డ్రైవరు రెండో చరుపు కోసం ఆగలేదు.

నెల తిరక్కుండా యంత్రం దిగింది.

"ఇదేదో ముందే తెచ్చుంటే తాత బతికేవాడు సార్," అన్నాడు వాచ్‌మన్.

"ఇంత చవకది అప్పుడు దొరకలేదయ్యా."

వాచ్‌మన్ గేటు వైపు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మేనేజరు తన కారునే యంత్రంలోకి పోనిచ్చి చూశాడు. నీళ్లు నాలుగు వైపులా కొట్టి ఆగాయి. చుక్కలు రాలే చప్పుడొక్కటే మిగిలింది. గేరు వేయబోతుంటే, కారు కింది నుంచి ఎవరో చరిచారు.

ఒక్కసారే.

బ్రేకు మీద కాలు అలాగే బిగించి, రెండో చరుపు కోసం మేనేజరు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.