ఎర్ర పరదాలు

"ఈ ఎర్రబట్ట ఎవరిది?"

తనిఖీకి ఆపిన బస్సులో సీటు కింది మూటను లాగి విప్పిన కానిస్టేబుల్ పోశాలు గట్టిగా అడిగాడు. ఎనభైనాలుగో సంవత్సరమది. ఆ అడవి దారుల్లో ఎర్రబట్ట ఎక్కడ కనబడినా పోలీసుల కంటికి జెండానే కనబడేది, జెండా వెనకాల అన్నలు కనబడేవారు. సంచిలో ఎర్ర తువ్వాల ఉన్న పాపానికి స్టేషన్లో పొద్దుపుచ్చి వచ్చినవాళ్లున్నారు.

"నాది," అని లేచింది మనోరమ. ఊళ్లో కిరాణా దుకాణం నడిపే సోమేశ్వర్ భార్య ఆమె. జనగామలో పుట్టింటికి పోయి వస్తోంది.

ఆమెను దింపి, ఊరి పొలిమేరలో రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న ఎస్సై ముందు నిలబెట్టారు. ఆయన కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు.

"ఇంత బట్ట ఎందుకమ్మా?"

"మా ఇంటికి పరదాలు కుట్టిస్త సారూ."

"పరదాలకా, అడవిలో జెండాలకా?"

"జెండాలకైతే గిట్ల సీటు కింద వెట్టుకొని వస్తనా?"

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్సైకి ఆ నవ్వు నచ్చలేదు.

"బట్ట ఇక్కడ వదిలేసి వెళ్లండి. వేరే రంగు కొనుక్కోండి. లోకంలో రంగులకు కరువా?"

"మా గోడలు పసుపుపచ్చ సారూ. సున్నంల రంగు నేనే దగ్గరుండి కలిపిచ్చిన. దానికి ఎరుపైతేనే నిండుగుంటది. వేరేది కడితే ఇల్లు ఎలవెలవోతది."

కిటికీలోంచి ముసలి యాకమ్మ తల బయటపెట్టింది. "బిడ్డా, గుడ్డపేలికెల కోసం లొల్లి ఎందుకు. ఇచ్చేసి బస్సెక్కరాదు."

"ఇయ్యనవ్వా. నా ఇంటికి ఏ రంగు గుడ్డ కట్టుకోవాల్నో గీళ్లను అడగాల్నా?"

బట్టను మళ్లీ మూటగట్టి చంకన పెట్టుకుంది మనోరమ. కేసంటూ రాస్తే దుకాణం మూతపడుతుంది, తాను స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తుంది. అది తెలియనంత అమాయకురాలు కాదు. తెలిసీ మూట మాత్రం వదల్లేదు.

"నమ్మకం లేకుంటే ఇంటికి రాండ్రి. కట్టి చూపిస్త. మిగిలింది మీరే తీస్కపోండ్రి."

అదీ చూద్దామన్నాడు ఎస్సై. జీపెక్కమన్నాడు. జీపులో పోతే దొంగను పట్టుకొచ్చినట్టుంటుందని ఆమె ఎక్కలేదు, నడిచింది. జీపు ఎడ్లబండిలా మెల్లగా ఆమె వెనకాలే వచ్చింది. దాని వెనక సగం బజారు వచ్చింది.

సోమేశ్వర్ తక్కెడ అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, ఆడమనిషి, తెల్వక కొన్నది. మీ ముందట్నే కాలవెడ్త."

"తెల్వక కొనలేదు, తెలిసే కొన్న. మీరు గా ముక్కాలిపీట వట్టుకోండ్రి," అంది మనోరమ.

ఏం చేస్తాడు పాపం, పట్టుకున్నాడు. ఆమె పీటెక్కి, కిటికీల మీద గుంజి కట్టిన తీగలకు బట్టను వేసి, కుచ్చులు సర్ది, పిన్నులు పెట్టుకుంటూ పోయింది. చివరికి వాకిలి దగ్గరికి వచ్చేసరికి బట్ట అయిపోయింది. ఎస్సై అటూ ఇటూ చూశాడు. జెండాకు కాదు కదా, జేబురుమాలుకు సరిపడా కూడా మిగల్లేదు.

సాయంత్రపు ఎండ పరదాల్లోంచి లోపలికి దిగింది. పసుపుపచ్చ గోడలు కుంకుమ అద్దినట్టయ్యాయి. సోమేశ్వర్ తెల్లబనీను ఎర్రబడింది, ఎస్సై ఖాకీ చొక్కా కూడా ఎర్రబడింది. మనోరమకు వచ్చినవాళ్లెవరో, ఎందుకు వచ్చారో ఒక్క క్షణం గుర్తులేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన గది ఇంత అందంగా ఉండగలదా అని సంబరంగా నవ్వుకుంది.

"అయినా సరే, రోడ్డు మీదికి కనబడుతోంది. తీసేయండి," అన్నాడు ఎస్సై.

"మీ స్టేషన్ బోర్డు ఏం రంగు సారూ?"

"సగం ఎరుపే," అన్నాడు జీపులో వెంట వచ్చిన పోశాలు, అడిగింది తననే అనుకుని.

"మీరు వెట్టుకోవచ్చు గని, నేను వెట్టుకోవద్దా? ముందుగాల పోయి గా బోర్డు రంగు చెరిపించి రాండ్రి. గప్పుడు నేను తీస్త."

గుమ్మంలో మూగినవాళ్లు నవ్వారు. ఈసారి ఎవరూ నోరు మూసుకుని నవ్వలేదు. ఎస్సై టోపీ సర్దుకున్నాడు.

"ఈ పరదాలు ఇక్కడే ఉండాలి. ఒక్కటి తక్కువైనా అడవికి జెండాగా పోయిందనుకుని మళ్లీ వస్తాను."

"ఉంటయి. రేపు మీరే వచ్చి తియ్యమన్నా తియ్య."

జీపు వెళ్లిపోయింది. జనం చెదిరిపోయారు. సోమేశ్వర్ అదే ముక్కాలిపీట మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ భయంలోంచి ఇంకా తేరుకోలేదు.

"దుకాణం వోయేది, నువ్వు జైలుకు వోయేదానివి. ఎర్ర రంగంటే గంత పానమా నీకు? పెండ్లయిన కాడికెల్లి ఒక్కనాడు చెప్పకపోతివి."

మనోరమ కుచ్చు ఒకటి సర్దుతూ, పంటి కింది పిన్ను తీసి చెప్పింది.

"నేను పోయింది నీలం కొందామనే. 'అమ్మా, గా ఎర్రదాని జోలికి పోకుండ్రి, పోలీసులు ఊకోరు' అన్నడు బట్టల దుకాణపాయన, గందుకే కొన్న."