గుమ్మం పక్కన పలక

మరిడమ్మ విజయనగరంలో నలభై ఏళ్లుగా పసిపిల్లలకు నూనె రాసి స్నానం చేయిస్తోంది. ఆ ఉదయం పాపకు నీళ్లు పోయడానికి హిమజ ఇంటికి వెళ్లేసరికి గుమ్మం పక్కన కొత్త పలక కనిపించింది. అరచెయ్యి ఆనిస్తే, చర్మంలో వైరస్ ఉందో లేదో అది చెబుతుంది. పసితనంలో అంటుకున్న ఆ వైరస్, ఎండ తోడైతే ఎప్పటికో క్యాన్సర్‌ తేవచ్చని తేలాక ఊరంతా ఈ పలకలే పెట్టించుకుంటున్నారు.

మరిడమ్మ చెయ్యి ఆనించింది. పలక ఎర్రగా వెలిగింది.

“ఇక పాపను ముట్టుకోవద్దు మరిడమ్మా,” అంది హిమజ ఇబ్బందిగా.

“సిన్నప్పుడు నీకూ నానే కదమ్మా నీలు పోసినాను. నీ సెయ్యెలాగుందో సూసుకున్నావేటి?”

హిమజకు ఆ ఆలోచనే రాలేదు. పలక బయటివాళ్ల కోసమనుకుంది. మెల్లగా చెయ్యి ఆనించింది. మళ్లీ ఎరుపే.

“నీ వల్లేనా?”

“నా వల్లో, మీ అమ్మ వల్లో! ఎవులికి తెలుస్తాది?” అంది మరిడమ్మ.

లోపల ఇరవై రోజుల పాప గుక్కపెట్టి ఏడ్చింది. ఇద్దరూ అటు అడుగేయబోయి ఆగిపోయారు.

“ఎల్లమ్మా, తల్లివి. ఎత్తుకో,” అంది మరిడమ్మ.

హిమజ పాపను దుప్పటితో సహా ఎత్తుకుంది. పాల కోసం పాప ఆమె మెడ మీద మూతి రాస్తుంటే, ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది.