లోపలి గడియ

"సరే, ఆపుకో. తొందరగా కానియ్," అన్నాడు బాబాయి చివరికి.

బాబాయిది రక్తపరీక్షల ల్యాబు. అక్కడ సర్వర్ చూసేదాన్ని నేను. రిపోర్టులన్నీ అందులోనే ఉంటాయి. ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లొసుగుందనీ, పాస్‌వర్డ్ లేకుండానే ఎవడైనా దూరి అందులో ఉన్నవి మార్చెయ్యొచ్చనీ దాన్ని తయారుచేసినవాళ్లే ప్రకటించారు. కొత్త వెర్షన్ వేసి, ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే చాలు.

బాబాయి ఒప్పుకుంటేనా! "జనం రిపోర్టుల కోసం కాచుక్కూర్చుంటే ఆపేస్తానంటావేంటమ్మా? రేపు చూద్దాంలే," అనేవాడు. ఆ రేపు వారమంతా రాలేదు. ఇవాళ కాళ్లావేళ్లా పడితే దిగొచ్చాడు.

ఆత్రంగా సర్వర్ తెరిచాను. కొత్త వెర్షన్ అప్పటికే వేసి ఉంది.

బాబాయి నా భుజం మీంచి తొంగి చూశాడు. "ఊరికే నా ప్రాణాలు తోడేశావు. దానంతటదే బాగైపోయిందిగా!"

"దానంతటది కాదు బాబాయ్. ఎవరో వేశారు. ఇందులోకి వెళ్లే మనిషిని ఇక్కడ నేనొక్కదాన్నే. నేను వెయ్యలేదు."

"ఎవడైతేనేం, పుణ్యం కట్టుకున్నాడు."

"ముందు వాడు దూరాడు బాబాయ్. ఇంకో దొంగ రాకుండా లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడు."

బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆపెయ్... ఇప్పుడే ఆపెయ్యమ్మా."

అప్పటికే కౌంటర్‌లో ప్రింటర్ ఒక రిపోర్టును బయటికి తోసింది. నిండు చూలాలు ఒకామె దాన్ని అందుకుని, చదవడం రాక నా వైపు చాపింది.

"అంతా బాగానే ఉందా అమ్మా?"