మూడో కథ తర్వాత

"భయమేసిందని ఒప్పుకో, తోడొస్తాను," అంది సునివా మొగుడితో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటూ.

"నాకా? భయమా?" ఎస్పెన్ నవ్వాడు. నవ్వాడే గాని కాలు మీద కాలు బిగించే కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచీ తాగిన కాఫీ అంతా ఇప్పుడే బయటికి పోతానంటోంది. ఆ కొండమీది అత్తారి కర్ర ఇంట్లో పాయిఖానా లోపల ఉండదు. పెరటి చివర, మంచులో, చెట్ల వెనక ఉంటుంది.

క్రిస్మస్ సెలవులకి ఓస్లో నుంచి వచ్చిన దగ్గర్నుంచీ సునివా పాతకాలపు దయ్యాల కథలు పైకి చదువుతోంది. ఇవాళ్టి మూడో కథలో చీకట్లోంచి చల్లటి చెయ్యొకటి వచ్చి మనిషి భుజం పట్టుకుంది. అది విన్నప్పటి నుంచీ ఎస్పెన్ వీపు గోడకి ఆనించే ఉంచాడు.

"వందేళ్ళ కిందటి రాతలు. వీటికి జడిసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?"

"మా నాన్నని చూసి నేర్చుకో. మూడో కథ కాగానే 'ఇవీ ఓ కథలేనా' అని ఆవులించి లేచిపోయాడు. ఈపాటికి గురక పెడుతుంటాడు. నువ్వేమో..."

"నేనేమో?"

"బిగబట్టుకుని చస్తున్నావు. ఒప్పుకుంటే కోటేసుకుంటా. కాకపోతే రేపు మా అక్కలందరికీ చెప్తా."

ఆ అక్కలు ఒకసారి నవ్వడం మొదలుపెడితే ఏళ్ళ తరబడి ఆపరు. ఎస్పెన్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. లాంతరు పట్టుకుని బయటపడ్డాడు.

సాయంత్రం నాలుగైనా కాలేదు, ఆ దేశపు చలికాలం కదా, అప్పుడే చిమ్మచీకటి. సగం దారిలో గాలికి లాంతరు ఆరిపోయింది. వెనక్కి వెళ్తే పరువు పోతుంది, ఇక్కడే ఆగితే ఇంకోటి పోతుంది. పరుగున వెళ్ళి తలుపు తోసి, తడుముకుంటూ కూలబడ్డాడు.

సునివా తాతగారు కట్టించిన గది అది. మొగుడూ పెళ్ళాం కబుర్లు చెప్పుకోవచ్చని పక్కపక్కనే రెండు సీట్లు పెట్టించాడు మహానుభావుడు.

ఎస్పెన్‌కి ప్రాణం లేచొచ్చింది. మొత్తానికి గెలిచాననుకున్నాడు. ఆ సంబరంలో తనకొచ్చిన ఒకే ఒక్క పాట, అదీ శ్రుతి తప్పి, ఈల వేశాడు.

చీకట్లోంచి చల్లటి చెయ్యొకటి వచ్చి అతని భుజం పట్టుకుంది.

ఎస్పెన్ కూర్చున్నచోటే ఎగిరిపడ్డాడు.

"నువ్వా అల్లుడూ," అంది వణుకుతూ మామగారి గొంతు. "ఆ ఈల విన్నాక గానీ మనిషివని నమ్మకం కుదర్లేదు. మూడో కథ అయినప్పటి నుంచీ ఇక్కడే కూర్చున్నా. వెళ్ళేటప్పుడు నన్నూ చెయ్యి పట్టుకుని తీసుకుపో, అమ్మాయికి మాత్రం చెప్పకు."