పెద్దదాని గ్లాసు

గేటు దగ్గర ఆటో దిగిన మనిషిని చూసి అన్నపూర్ణ చేతిలో చేట కింద పెట్టింది.

అంత నల్లటి మనిషిని ఫోనులో తప్ప ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. నీలం గౌను, పొట్టి జుట్టు. యాభై దాటినట్టున్నాయి.

"వీరాయమ్మగారు ఉన్నారాండీ?" వచ్చీరాని తెలుగులో అడిగింది ఆమె.

"మా అత్తగారు కాలం చేసి రెండేళ్ళయ్యిందండి."

ఆమె అరుగు స్తంభం పట్టుకుంది. తర్వాత కాసిని మంచినీళ్ళు అడిగింది. చూపు కిటికీలోని గ్లాసు మీద ఆగింది. నిండా నీళ్ళు, పైన మూత.

"అది తాగకూడదండి. చనిపోయిన మా ఆడపడుచుది."

"చనిపోయిందా?"

"ఆయ్. మా ఆయన ఇరవయ్యేళ్ళకే మస్కట్ వెళ్ళిపోయేరు, ఆయనకీ తెలీదు. ఆయన పుట్టకముందే పోయుంటాదనుకున్నాం. పొద్దుగూకితే 'పెద్దదానికి దాహమేస్తాది' అని అత్తగారు నీళ్ళు పెట్టేవారు. ఎవరని అడిగితే కళ్ళొత్తుకునేవారు. ఆవిడ పోయేక ఒకరోజు మానేసేను. రాత్రంతా ఆ కిటికీ రెక్క కొట్టుకుందండి."

ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

లోపలికి రమ్మనడానికి అన్నపూర్ణకి నోరు రాలేదు. వంటింట్లోంచి గ్లాసు తేవడానికీ మనసొప్పలేదు. పెరట్లో బొండం కొట్టి తెచ్చిచ్చింది. మర్యాదా దక్కింది, గ్లాసూ మైలపడలేదు అనుకుంది.

ఆమె నిలబడే తాగింది. వెళ్తూ కిటికీకి దణ్ణం పెట్టింది.

సాయంత్రం కాలేజీ నుంచి వస్తూనే కూతురు కావ్య మొదలుపెట్టింది. వాళ్ళ ఫంక్షన్‌కి ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ వచ్చేరట. పుట్టింది ఘనాలో, చదివింది ఈ కాలేజీలోనేనట. అక్కడ ఆ కుర్చీ ఎక్కిన మొదటి నల్లజాతి ఆడమనిషట.

"ఏ కుర్చీలో కూర్చున్నా, ఇది మీదేనా అని అడిగేవారేనంటమ్మా. ఈ ఊళ్ళో ఆవిడకి గది అద్దెకిచ్చిన ఒక్కావిడే ఏమీ అడక్కుండా 'నువ్వు నా పెద్దకూతురివే' అన్నారంట. కాలేజీ నుంచొచ్చేసరికి కిటికీలో గ్లాసుతో నీళ్ళు పెట్టేవారంట. ముప్పయ్యేళ్ళయినా ఆ గ్లాసు అక్కడే ఉంది, పొద్దున్న చూసొచ్చేనని స్టేజీ మీద ఏడ్చేసేరు."

అన్నపూర్ణ కిటికీ దగ్గరికి నడిచింది.

బయట పొద్దుగూకింది. అలవాటుగా చెయ్యి గ్లాసు మీదికి వెళ్ళి ఆగిపోయింది.

గాలి లేదు. అయినా కిటికీ రెక్క కొట్టుకోవడం మొదలుపెట్టింది.

చచ్చిపోయిందనుకుని తను రోజూ నీళ్ళు పెట్టిన ఆడపడుచు, పొద్దున్న దాహంతో వచ్చి, గుమ్మం బయటినుంచే తిరిగి వెళ్ళిపోయింది.