పారితోషికం వద్దన్న మనిషి

"రాసింది ఎవరో చెప్పేదాకా నేనీ కుర్చీలోంచి లేచేది లేదు!"

ప్రొఫెసరుగారు బల్ల మీద ఒక్క చరుపు చరిచేసరికి మేనేజరమ్మ కప్పులోని టీ సాసర్లోకి ఒలికింది.

ఆవిడ కంగారుపడలేదు. ఈ ఉద్యోగంలో ఇలాంటి చరుపులు ఆవిడకు అలవాటే. పరిశోధనా పత్రాల్ని నిపుణుల చేత చదివించి, వాళ్లు రాసిన మంచీ చెడ్డా లోకమంతా చూసేలా బయటపెట్టే సంస్థ అది. మెచ్చుకుంటే రచయితలు మెయిల్లో ఒక నమస్కారం పడేస్తారు. తప్పు పడితే మాత్రం స్వయంగా దయచేస్తారు.

"పేరు దాచుకునే హక్కు వాళ్లకుందండీ. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకూ తెలీదు. మా సెక్రటరీగారికొక్కరికే తెలుసు. ఆయనేమో ఇప్పుడు విమానంలో ఉన్నారు."

"మీరు చెప్పక్కర్లేదు. నాకు తెలుసు." ప్రొఫెసరుగారి చూపుడువేలు గాజు తలుపు వైపు తిరిగింది. "అదిగో, ఆ పిల్లే!"

తలుపు అవతల కంప్యూటరు చాటున చిట్టి తల దాచుకుని కూర్చుంది. ఏడాదిగా ఆమె ఇక్కడ వాలంటీరు. పత్రాలు చదివి రాసే నిపుణులకు సంస్థ పారితోషికం ఇస్తుంది. ఆ నిపుణుల్ని వెతికి, బతిమాలి, గడువు దాటాక మళ్లీ బతిమాలే వాలంటీర్లకు టీ ఇస్తుంది. ఆ టీ తాగే చిట్టి ఆఫీసు పనంతా నెత్తినేసుకుంది. ఈ సాయంత్రం కమిటీ సంతకం పెడితే ఇక ఆమెకూ జీతం. ఈ ఆశతోనే ఇంకోచోట వచ్చిన ఉద్యోగాన్ని కూడా వదులుకుంది.

"తను మీ స్టూడెంటునని ముందే చెప్పిందండీ. బంధువులూ, శిష్యులూ రాయకూడదని మా రూలు. అందుకే మీ పత్రం జోలికి రానంది."

"రానన్నవాళ్లే ముందొస్తారు! ఏం రాసిందో చూశారా? మా నీళ్ల ఫిల్టర్లు పెట్టాక బడిపిల్లలకి జబ్బులు తగ్గాయని నేను రాస్తే, 'తగ్గని మూడు బడుల్ని లెక్కలోంచి ఎందుకు తీసేశారు' అంటుందా? మూడని ఎలా తెలిసిందండీ? ఆ సంగతి మా ఇంటి గడప దాటలేదు! ఇది ముమ్మాటికీ ఇంటిదొంగ పనే. మా ఇంటికొచ్చి, మా ఆవిడ పెట్టిన కాఫీ తాగుతూ నా గదిలో పనిచేసింది ఇదొక్కతే."

అంటే తీసేసిన మాట నిజమేనన్నమాట అనుకుంది మేనేజరమ్మ. పైకి అనలేదు. ఆవిడ బుర్రను అప్పటికే ఇంకో పురుగు తొలుస్తోంది. ఆ రివ్యూ రాసిన మనిషి పారితోషికం వద్దని కబురుపెట్టారు. ఇన్నేళ్లలో డబ్బు ఆలస్యమైందని తిట్టినవాళ్లున్నారు గానీ, అసలు వద్దన్నవాళ్లు లేరు. వద్దన్నారంటే కడుపులో కక్షైనా ఉండాలి, దొరికిపోతామన్న భయమైనా ఉండాలి. చిట్టికి రెండూ అతికినట్టు సరిపోతున్నాయి. అయినా ఈ రోజుల్లో ఏడాదిపాటు ఊరికే ఎవరు పనిచేస్తారు?

చిట్టిని లోపలికి పిలిచింది.

"నిజం చెప్పు. రాసింది నువ్వేనా?"

"కాదు మేడమ్."

"మరి ఈయన్ని చూడగానే మొహం ఎందుకు చాటేశావ్?"

"భయం మేడమ్. థీసిస్ రోజుల్నుంచీ అలవాటైపోయింది."

"నాటకాలు!" అన్నారు ప్రొఫెసరుగారు. "దీనికి గనక ఉద్యోగమిచ్చారో, మీ సంస్థ పరువు బజారుకీడుస్తాను."

చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ మూడు బడుల సంగతి నాకు తెలీనే తెలీదు మేడమ్. నేను లెక్కలు చూసినప్పుడు అన్ని బడులూ ఉన్నాయి."

మేనేజరమ్మకు జాలేసింది. అయినా అనుమానం వదల్లేదు. పేరు తెలియకపోయినా, సైటులోంచి ఆ మనిషి ఫోనుకు కబురు పంపే దారి ఒకటుంది. టకటకా టైపు చేసింది. మీ రివ్యూ మా వాలంటీరు చిట్టి రాసిందంటూ రచయితగారు నా ఎదురుగా కూర్చున్నారు, ఆ అమ్మాయి ఉద్యోగం పోయేలా ఉంది, వెంటనే నాకు ఫోన్ చేయండి.

పంపే ముందు చిట్టి చేత ఫోను తీయించి బల్ల మీద పెట్టించింది. మోగితే అందరి ముందూ మోగాలి.

ముగ్గురూ దానివంకే చూస్తున్నారు. అది కిక్కురుమనలేదు. కాసేపటికి మేనేజరమ్మ ఫోను మోగింది.

"స్పీకరు మాత్రం పెట్టకండమ్మా." అవతల ఓ పెద్దావిడ గొంతు. "రాసింది నేను, ఈ సబ్జెక్టే పాఠం చెప్పి రిటైరైనదాన్ని. చిట్టికేమీ తెలీదు, బంగారంలాంటి పిల్ల. రూలు తప్పింది నేనే, నా రివ్యూ తీసేయండి. కానీ ఆ మూడు బడుల సంగతి ఇంకెవరి చేతైనా అడిగించండి. ఆ ఫిల్టర్లని నమ్మి పసిపిల్లలు ఆ నీళ్లు తాగుతారు. చెప్పాల్సినచోట నోటితో చెప్పి చూశానమ్మా, వినిపించుకోలేదు."

చిట్టి బంగారమని ఈవిడకెలా తెలుసు? మేనేజరమ్మ బుర్రలో పురుగు మళ్లీ కదిలింది. ఫోనుతో కిటికీ దగ్గరికి నడిచి, గొంతు తగ్గించింది.

"అంత మంచి ఉద్దేశమైతే పారితోషికం ఎందుకు వద్దన్నారండీ?"

అవతల చిన్న నిట్టూర్పు వినిపించింది.

"ఎలా తీసుకోనమ్మా? మా ఇద్దరికీ కలిపి ఒకటే ఖాతా. డబ్బు పడితే మెసేజ్ వచ్చేది మీ ఎదురుగా కూర్చుని అరుస్తున్నాయన ఫోనుకే."