రంజాన్ ఇంగ్లీషు

ఏడాదిలో ఇంగ్లీషంతా నేర్చేస్తానని అనంతపురం స్టేషను దగ్గర తోటి జట్కావాళ్లందరికీ చాటుకున్నాను. ఏడాది గడిచేసరికి "ఎక్కడికి వెళ్లాలి సార్?" అన్న ఒక్క ముక్క వచ్చింది.

ఆ ఉదయం రైలు దిగిన కోటు మనిషిని ఇంగ్లీషులో అదే అడిగాను. ఆయన ఆగకుండా ఇంగ్లీషు దంచేశాడు. అంతా అర్థమైనట్టు తలూపి బండి కదిలించాను. ఎక్కడికి పోతున్నామో నాకూ తెలియదు, గుర్రానికీ తెలియదు.

కొంతదూరం పోయాక పరువు చంపుకుని, "నాకు అడిగేదే వచ్చు సార్, జవాబు తెలీదు. యాడికి పోవాల?" అన్నాను.

ఆయన తెల్లబోయాడు. "నువ్వేమడిగినావో నాకూ తెలీలేదన్నా! ఈ పొద్దు కలెక్టరాఫీసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉండాది, ఆడికే పోవాల. ఇంగ్లీషు వినేసరికి హడలిపోయి, బట్టీ పట్టిందంతా నీకే అప్పజెప్పినా."

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఇంగ్లీషంతా నాకెందుకు, ఈ జవాబొక్కటి చాలనుకున్నాను. దారిపొడుగునా ఆయన చెప్పాడు, నేను వల్లించాను.

ఈనాటికీ ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే ఈ రంజాన్ తడుముకోడు. "నా పేరు ఈశ్వరప్ప, మాది మడకశిర, ఎస్సెల్సీ ప్యాసయ్యాను" అని ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తాడు.